బౌద్ధ పూజ కోసమే చేసిన నీలి పింగాణీ: బొమ్మ కన్నా ముందు ఆకారం చూడాలి

చైనా నీలి-తెలుపు పింగాణీ మీద ఒక తామరపువ్వో ధర్మచక్రమో కనిపిస్తే చాలు, దాన్ని "బౌద్ధ పూజాపాత్ర" అనేస్తుంటారు. వేలం కేటలాగుల్లో ఈ మాటను మరీ ధారాళంగా వాడతారు. నిజానికి మింగ్, చింగ్ చక్రవర్తుల కాలంలో అష్టమంగళ చిహ్నాలను అన్నం గిన్నెల మీద, మద్యం కప్పుల మీద, పూలకుండీల మీద కూడా గీశారు. శుభం కలగాలని గీసిన అలంకారం అది. చైనాలో పింగాణీకి పేరుపడ్డ పట్టణం జింగ్‌దెజెన్ బట్టీల్లో తయారైన సరుకంతటితో పోలిస్తే, పూజలో వాడటానికే చేసిన పాత్రలు చాలా చాలా తక్కువ.

వాటిని మూడు విషయాలు పట్టిస్తాయి. నీళ్లు ఎటు నుంచి పోసి ఎటు నుంచి వంచుతారు? చేత్తో ఎక్కడ పట్టుకుంటారు? అక్షరాలు ఎవరికి కనిపించేలా రాశారు? ఈ మూడింటికీ సమాధానం దొరికాకే బొమ్మల జోలికి వెళ్లాలని నా అభిప్రాయం.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పూజాపీఠం మీద పెట్టడానికి చేసినవన్నీ బౌద్ధానివే కావు. బ్రిటిష్ మ్యూజియంలోని డేవిడ్ వాజుల జతనే తీసుకోండి. 63 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తున్న ఆ రెండింటి మెడల మీద దాత జాంగ్ వెన్‌జిన్ పేరు, 1351వ సంవత్సరానికి సరిపోయే తేదీ ఉన్నాయి. ఒక ధూపపాత్రతో కలిపి సమర్పించినట్టు కూడా ఆ రాతలోనే ఉంది. కానీ వాటిని ఇచ్చింది చైనా స్థానిక మతమైన తావోకు చెందిన ఆలయానికి. అలాగే 1741లో జింగ్‌దెజెన్ పర్యవేక్షకుడు తాంగ్ యింగ్ తన పేరుతో, పదవులతో సహా పొడవాటి శాసనం రాయించి సమర్పించిన నీలి-తెలుపు పీఠం పాత్రలు బీజింగ్ దగ్గర దోంగ్‌బాలోని ఒక తావో దేవత ఆలయానివి. కాబట్టి శాసనం ఉంటే ముందు దాన్ని పూర్తిగా చదివించుకోవాలి.

బౌద్ధ పాత్రల కథకు అసలు మలుపు 1407. మింగ్ వంశపు యోంగ్లె చక్రవర్తి టిబెట్ నుంచి ఒక బౌద్ధ శాఖకు అధిపతి అయిన ఐదవ కర్మపా దెషిన్ షెక్పాను నాన్‌జింగ్‌కు రప్పించి, చనిపోయిన తన తల్లిదండ్రుల కోసం లింగు ఆలయంలో క్రతువులు చేయించాడు. ఆ తర్వాత టిబెట్ బౌద్ధంలోని సాక్య, గెలుగ్ సంప్రదాయాల పెద్దలు కూడా ఆస్థానానికి వచ్చారు. సెరా మఠాన్ని స్థాపించిన షాక్య యెషే వారిలో ఒకడు. వాళ్ల పూజావిధికి కావలసిన పాత్రలు చైనా ఆకారాల్లో లేవు. టిబెట్‌లో లోహంతో చేసేవాటిని ఇక్కడ మట్టితో చేయాల్సి వచ్చింది. యోంగ్లె కాలంలో ఇవి ఎక్కువగా తెల్లటి పింగాణీలోనే వచ్చాయి. నీలిరంగు వాటి మీదికి దండిగా ఎక్కింది శ్వాన్‌దె చక్రవర్తి కాలంలో, అంటే 1426 నుంచి 1435 వరకు. పదేళ్లయినా నిండని ఆ పాలనలో వచ్చిన సాఫల్యాన్ని తర్వాతి మూడు వందల ఏళ్లలో ఎవరూ అందుకోలేదనే నా నమ్మకం.

ముందుగా భిక్షు టోపీ కూజా. గుండ్రటి పొట్ట, వెడల్పాటి మెడ, దాని పైన మెట్లుమెట్లుగా కోసిన అంచు ఉంటాయి. ఆ అంచు పిడి వైపు ఎత్తుగా, కొమ్ము వైపు పల్లంగా ఉండి టిబెట్ భిక్షువుల టోపీని తలపిస్తుంది. కొమ్ము గొట్టంలా ఉండదు, బాతు ముక్కులా పైన తెరిచిన కాలువ. పిడి బల్లపరుపుగా పట్టీలా ఉండి అంచు నుంచి పొట్ట దాకా వంగుతుంది. మూత అంచు మీద కూర్చోదు, లోపలికి దిగి ఒక చిన్న గట్టు మీద ఆనుతుంది. మొత్తం ఎత్తు 20 సెంటీమీటర్ల అటూ ఇటూ.

లోహంలో దీన్ని రేకు కోసి, వంచి, అతికి చేసేస్తారు. పింగాణీలో ప్రతి అడుగూ గండమే. పొట్ట, మెడ చక్రం మీద లేపుతారు. మట్టి తోలులా గట్టిపడ్డాక మెట్ల అంచును కత్తితో కోస్తారు. కొమ్ము, పిడి విడిగా చేసి పలుచటి మట్టిజావతో అతికిస్తారు. అతికే సమయానికి రెండు ముక్కల్లోనూ ఒకే పాటి తేమ ఉండాలి. జింగ్‌దెజెన్ పింగాణీ మట్టి ఎండటంలోనూ కాలటంలోనూ కలిపి నూటికి పదిహేను వంతుల దాకా కుంచించుకుపోతుంది. పిడి ముందే ఎండిపోయి పొట్ట ఇంకా తడిగా ఉంటే, పొట్ట కుంచించుకునేటప్పుడు అతుకు దగ్గర వెంట్రుక లాంటి పగులు వస్తుంది. గ్లేజు (గాజులా మెరిసే పైపూత) పూసినప్పుడు అది కనబడదు, బట్టీలో నోరు తెరుస్తుంది. ఇక కోసిన అంచుకు గుండ్రటి అంచుకున్న బలం ఉండదు. 1300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో మట్టి మెత్తబడ్డప్పుడు కొమ్ము వైపు అంచు బయటికి వాలుతుంది, పిడి వైపు అంచు లోపలికి లాగుతుంది. అప్పుడిక మూత దిగదు.

జింగ్‌దెజెన్‌లో జూషాన్ గుట్ట దగ్గర రాజబట్టీల తవ్వకాల్లో యోంగ్లె కాలపు పొరలో తెల్లటి భిక్షు టోపీ కూజాల ముక్కలు దొరికాయి. వంకర తిరిగినవాటిని, రంగు తేడా వచ్చినవాటిని రాజుకు పంపేవారు కాదు. బయటికి పోకుండా అక్కడే పగలగొట్టి పూడ్చేవారు. ఈ కట్టడి ఉత్తుత్తిది కాదు. రాజబట్టీల సరుకును తనవాళ్లకు పంచిపెట్టాడన్న నేరాలకు జాంగ్ షాన్ అనే అంతఃపుర అధికారికి 1427లో మరణశిక్ష పడింది.

శ్వాన్‌దె కాలపు నీలి-తెలుపు కూజాల్లో పొట్ట చుట్టూ టిబెట్ అక్షరాల వరుస ఉంటుంది. అదే ప్రార్థన శ్వాన్‌దె కాడగిన్నెల బయటి గోడ మీదా కనిపిస్తుంది. పగలు శుభం, రాత్రి శుభం, మధ్యాహ్నమూ శుభం, రేయింబవళ్లు ఎల్లప్పుడూ శుభం, త్రిరత్నాల మంగళం కలుగుగాక అని దాని భావం. సాక్య మఠంలో భద్రంగా ఉండిపోయిన శ్వాన్‌దె పాత్రల మీద, నీలంతో పాటు పై రంగులు కూడా అద్దినవాటి మీద సైతం, ఈ ప్రార్థన ఉంది. ఒకే పాఠం ఇలా వేరువేరు ఆకారాల మీద తిరగడాన్ని బట్టి, ఆస్థానం నుంచి ఒక రాత నమూనా బట్టీలకు వెళ్లి ఉంటుందని నేను అనుకుంటాను. చిత్రకారులకు టిబెట్ లిపి రాదు. ముందున్న నమూనాను గీతకు గీత దించారు.

కాడగిన్నె చూడటానికి తేలిక, చేయడానికి కష్టం. పైన సుమారు 17 సెంటీమీటర్ల మూతి ఉన్న గిన్నె, కింద బోలు కాడ. రెండూ విడివిడిగా చేసి కలుపుతారు. అతుకు చూసి కాలం చెప్పవచ్చు: మింగ్‌కు ముందరి యువాన్ వంశపు కాలంలో ఎక్కువగా తడి మట్టి ముక్కలనే కలిపి నొక్కేవారు, అందుకే కాడ లోపల వేలు పెడితే నొక్కిన మట్టి గట్టు తగులుతుంది. మింగ్ కాలంలో ఎక్కువగా గ్లేజుతోనే అతికారు, అతుకు నున్నగా, సన్నగా ఉంటుంది. బరువంతా సన్నటి కాడ మీద పడుతుంది కాబట్టి గిన్నె అడుగు మందం తక్కువైతే బట్టీలో మధ్యభాగం కిందికి కుంగిపోతుంది. ఎక్కువైతే అతుకు దగ్గర మందం తేడాకు పగులుతుంది. పీఠం మీద నైవేద్యమో నీళ్లో పెట్టి అందరికీ కనిపించేలా ఎత్తి ఉంచడం ఈ కాడ పని. దేవుడి ముందు నిలబడ్డవాడి చూపుకు బయటి గోడ ఎదురవుతుంది, ప్రార్థన రాసిందీ అక్కడే.

అక్షరం ఎక్కడుందో చూడమన్నది ఎందుకో బాగా తెలియాలంటే బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలోని రంజన లిపి (సంస్కృత మంత్రాలు రాసే లిపి) మూతజాడీని చూడాలి. శ్వాన్‌దె కాలపు పూజాపాత్రల్లో దానంత ఆలోచించి చేసినది మరొకటి లేదంటాను. ఎత్తు 29 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. భుజం మీద ఎనిమిది దీర్ఘచతురస్రపు రెక్కలు అడ్డంగా పొడుచుకు వస్తాయి. పై నుంచి చూస్తే మూత నాభిగా, రెక్కలు ఆకులుగా ధర్మచక్రం కనిపిస్తుంది. పొట్ట చుట్టూ మూడు వరుసల్లో రంజన అక్షరాలు, వాటితో పాటు అష్టమంగళ చిహ్నాలు. మూత పైన కూడా మధ్యలో ఒక అక్షరం, చుట్టూ నాలుగు ఉన్నాయి.

మూత తీస్తే అసలు విషయం బయటపడుతుంది. మూత లోపలి వైపు ఒక తామర, జాడీ అడుగున దానికి ఎదురుగా ఇంకో తామర. రెండింటి నడుమా ప్రాచీన ముద్రాలిపిలో అవే ఐదు చైనా అక్షరాలు: దా దె జి షియాంగ్ చాంగ్. మహాపుణ్య మంగళస్థలం అని అర్థం. మూత వైపు రేకుల్లో ఒక్కొక్క బీజాక్షరం చొప్పున రాశారు. మూత పెట్టేస్తే రెండు తామరలూ ఎదురెదురుగా నిలిచి లోపలి ఖాళీయే ఒక మండలం, అంటే క్రతువులో దేవతలను నిలిపే పవిత్ర వలయం, అవుతుంది. అక్కడి రాత ఏ మనిషికీ కనబడదు. అలంకారం కోసమైతే ఎవరూ చూడని చోట ఇంత శ్రమ పడరు. ఈ జాడీని మండల క్రతువు కోసం చేశారనడానికి నాకు ఇంతకన్నా బలమైన రుజువు అక్కర్లేదు.

చేసేవాడి వైపు నుంచి చూస్తే ఈ జాడీలో ప్రమాదమంతా రెక్కల్లోనే. మందమైన భుజానికి పలుచటి బిళ్లలు అతికినప్పుడు బిళ్లల చివర్లు ముందు ఎండిపోతాయి. వాటిని తడిగుడ్డ కప్పి నిదానంగా ఎండబెట్టకపోతే మూలలు పైకి లేస్తాయి, లేదా అతికిన మొదలు దగ్గర చీలతాయి. ఎనిమిదింటిలో ఒక్కటి ఊడినా చక్రం చెడింది, జాడీ పనికిరాదు. 1433లో ఆస్థానం ఒక్క ఉత్తర్వుతో 4,43,500 పింగాణీ పాత్రలు అడిగిన కాలం అది. గిన్నెలూ పళ్లాలూ అలా లక్షల్లో చేయవచ్చు. ఇలాంటి జాడీని చేయలేరు.

రాత పని గురించి కూడా చెప్పుకోవాలి. నీలి-తెలుపు పింగాణీలో బొమ్మ వేసేది కాల్చని పచ్చి మట్టి మీద. నూరిన కోబాల్ట్‌ను నీళ్లలో కలిపి కుంచెతో పెడితే ఎండు మట్టి తడిని వెంటనే పీల్చేస్తుంది. కుంచె ఒక్క క్షణం ఆగితే అక్కడ మచ్చ. తుడిస్తే పోదు, గీకాలి. గీకితే గోడ పలచబడుతుంది. పైగా అప్పుడు రంగు నల్లగా, బూడిదగా ఉంటుంది కాబట్టి ఎంత నీలం వస్తుందో చేతి అనుభవం మీదే తెలియాలి. దాని మీద గ్లేజు పూసి ఒక్కసారే కాలుస్తారు. బట్టీలోకి గాలి తగ్గించి పొగమంట మీద ఉంచితేనే తెలుపు కాస్త నీలిఛాయతో నిగ్గు తేలుతుంది. గాలి ఎక్కువైతే తెలుపు పసుపు తిరుగుతుంది, నీలం మసకబారుతుంది. వేడి మరీ ఎక్కువైనా, ఎక్కువసేపు నిలిచినా కోబాల్ట్ గ్లేజులోకి కరిగి పాకుతుంది. పువ్వు గీతకు ఆ పాకడం అందమే. అక్షరానికి మాత్రం చావు. రంజన లిపిలో పైన అడ్డంగా మందపాటి గీత, దాని కింద నిలువుగా దిగే సన్నటి కాళ్లు ఉంటాయి. నీలం పాకితే కాళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బీజాక్షరం చదవరాకుండా పోతుంది.

ఇక్కడే శ్వాన్‌దె కాలపు చిక్కు ఉంది. ఆ కాలానికి పేరు తెచ్చిన విదేశీ కోబాల్ట్‌లో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. లోతైన నీలం వస్తుంది, కానీ రంగు మందంగా పడ్డచోట నల్లటి మచ్చలు తేలి గ్లేజులోకి కొరుకుతాయి, తిప్పి చూస్తే తగరంలా మెరుస్తాయి. అక్షరాలున్న పాత్రల మీద కుంచెను ఎంత పొదుపుగా నడిపారో గమనిస్తే వాళ్లకు ఈ ప్రమాదం బాగా తెలుసని అర్థమవుతుంది. తర్వాత చెంగ్‌హ్వా కాలంలో, 1465 నుంచి 1487 వరకు, మాంగనీసు ఎక్కువున్న స్వదేశీ కోబాల్ట్ ప్రధానమైంది. అది అంతగా పాకదు, మెత్తటి నీలం. రంజన అక్షరాల చిన్న కప్పులు, మధ్యలో విశ్వవజ్రం (అడ్డంగా, నిలువుగా కలిపిన జంట వజ్రాయుధాలు) ఉన్న పళ్లాలు ఆ నీలంతో శుభ్రంగా కుదిరాయి. ఎక్స్-రే పరీక్షలో మాంగనీసు, ఇనుము నిష్పత్తి చూడటం ఇందుకే. అయితే శ్వాన్‌దెలోనే రెండు రకాలూ వాడారు కాబట్టి ఆ ఒక్క అంకె మీద కాలాన్ని తేల్చేయడం తొందరపాటు.

జ్యాజింగ్ చక్రవర్తి తావో భక్తుడు. 1536లో రాజప్రాసాదంలోని బౌద్ధ మందిరాన్ని పడగొట్టించి విగ్రహాలను, ధాతువులను ధ్వంసం చేయించాడు. ఆయన కాలపు నీలి పాత్రల మీద కొంగలు, మూడేసి గీతల ఎనిమిది తావో చిహ్నాలు, దీర్ఘాయువు అక్షరాలు నిండిపోయాయి. రాజబట్టీల బౌద్ధ పాత్రలు ఇంత అరుదు కావడానికి ఈ తెగిన కొనసాగింపు కూడా ఒక కారణమే. మళ్లీ వాన్‌లి చక్రవర్తి కాలంలో, ఆ చక్రవర్తి తల్లి పరమ బౌద్ధురాలు కావడంతో, విచ్చిన తామర ఆకారంలో రంజన అక్షరాలున్న పళ్లాలు వచ్చాయి.

చింగ్ కాలానికి వస్తే చ్యెన్‌లోంగ్ పాలనను ఆపి చూడాలి. చక్రవర్తి స్వయంగా టిబెట్ బౌద్ధ గురువు చాంగ్‌క్యా రోల్పాయ్ దోర్జే శిష్యుడు, బీజింగ్‌లో యోంగ్‌హె భవనాన్ని 1744లో మఠంగా మార్పించాడు. అప్పటి పాత్రల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది టిబెట్ కలశమైన బుంపా. గుండ్రటి పొట్ట, ఎత్తైన విచ్చుకున్న పాదం, మధ్యలో వలయం ఉన్న సన్నటి మెడ. ఒక రకానికి పొట్ట నుంచి మకరం నోట్లోంచి వచ్చినట్టు వంపు తిరిగిన కొమ్ము ఉంటుంది, పిడి మాత్రం ఉండదు. పిడి మరిచిపోలేదు. దీన్ని మెడ దగ్గర పట్టుకోవాలి, మెడలోని వలయం వేళ్లు జారకుండా ఆపుతుంది. పై మూతిలో దర్భ, నెమలి ఈక నిలబెట్టి మంత్రజలాన్ని చిలకరిస్తారు. కొమ్ము లేని రకం పీఠం మీద దర్భను నిలబెట్టడానికి. ఈ రెండింటినీ పూలవాజు అని రాసేసిన వివరణ పలకలు కనిపిస్తుంటాయి. అంత సన్నటి మూతిలో పూలగుత్తి పట్టదు.

ఐదు పాత్రల పీఠం జట్టు గురించి క్లుప్తంగా చెబుతాను: నడుమ ధూపపాత్ర, ఇరుపక్కలా రెండు దీపస్తంభాలు, రెండు పూలపాత్రలు. దీపస్తంభమే కష్టం. గంట ఆకారపు అడుగు, మైనం పడే పళ్లెం, కాడ, పైన చిన్న పళ్లెం విడివిడిగా చేసి నిలువుగా కలపాలి. ఏ అతుకు వాలినా జత కుదరదు. అందుకే విడిపోకుండా మిగిలిన పూర్తి జట్టు కనిపించడం అపురూపం.

రాజబట్టీల బయట సామాన్య బట్టీల్లో చేసిన స్వచ్ఛజల పాత్రలను చాలామంది పట్టించుకోరు. అది అన్యాయం. 17వ శతాబ్దపు ఈ మందపాటి లోతు గిన్నెల మీద దాత పేరు, తేదీ, ఏ గుడికి ఇచ్చారో రాసి ఉంటుంది. గీత మొరటు, తెలుపులో బూడిదఛాయ, కానీ కాలనిర్ణయానికి ఇంతకన్నా నమ్మదగిన ఆధారం ఉండదు. 18, 19 శతాబ్దాల్లో ఫూజియాన్‌లోని దెహ్వా బట్టీలు ఎగుమతికి చేసిన "సంస్కృత" గిన్నెలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. నకలు చూసి నకలు గీసి, రంజన అక్షరం చివరికి వంకీల వరుసగా మిగిలింది. దాన్ని చదవబోవడం వృథా ప్రయాస.

కొనాలన్నా, కొన్నదాన్ని పరిశీలించాలన్నా ముందు మూత చూడండి. పాత మూత ఒరిజినల్ అయితే కిందిదానితో నీలం ఛాయ, గ్లేజు బుడగలు కలవాలి, ఆనే గట్టు అరుగుదల కూడా సరిపోవాలి. తర్వాత అష్టమంగళ చిహ్నాల వరుస. మింగ్ కాలంలో చక్రం, శంఖం, గొడుగు, ధ్వజం, తామర, చేపలు, కలశం, ముడి అనే క్రమం ఎక్కువ. చింగ్‌లో కలశం ముందుకు వచ్చి చేపలు వెనక్కి వెళ్లాయి. శ్వాన్‌దె అని చెప్పే పాత్ర మీద చింగ్ వరుస ఉంటే అనుమానించాలి. మూడోది నల్ల మచ్చలు: చ్యెన్‌లోంగ్ కాలపు చిత్రకారులు పాత నీలాన్ని అనుకరించడానికి కుంచె కొనతో చుక్కలు పెట్టేవారు. ఆ చుక్కలు గీత వెంబడి ఒకే దూరంలో ఉంటాయి, గ్లేజు పైపైనే నిలుస్తాయి. అసలు మచ్చలు రంగు గుమిగూడిన చోటే పుట్టి లోపలికి దిగి ఉంటాయి, వేలితో తడిమితే చిన్న గుంట తగులుతుంది. చివరగా అరుగుదల. పూజలో వాడిన బుంపాకు అరుగు మెడ వలయం కింద ఉండాలి, ధూపపాత్రకు బూడిద మరక గ్లేజు లేని లోపలి మట్టిలోకి ఇంకి ఉండాలి. అడుగు వలయానికి మాత్రమే సమంగా గోధుమరంగు పూసినట్టుంటే అది రసాయనంతో పెట్టిన వయసు. ఇవన్నీ చూసేటప్పుడు పాత్రను పిడి పట్టి, కొమ్ము పట్టి ఎత్తకండి. మూత విడిగా తీసి పక్కన పెట్టి, ఒక అరచెయ్యి అడుగున, మరొకటి పొట్టకు ఆనించి, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీదే తిప్పి చూడాలి.